లిగమెంటు ఆపరేషనై 16 రోజులు, మోకాలు పూర్తిగా చాపలేకపోతున్నానండి

ప్రశ్న (అంబాజీపేట దగ్గర పల్లె)
సంక్రాంతికి కబడ్డీ ఆడుతుంటే మోకాలు మెలితిరిగి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టే లిగమెంటు) తెగిందండి. తొడ వెనకుండే హామ్‌స్ట్రింగ్ కండరం నుంచి స్నాయువు తీసి, దాంతో కొత్త లిగమెంటు వేశారు. మడవడం 80 డిగ్రీల దాకా వస్తోంది. చాపితే మాత్రం మోకాలి కింద అరచెయ్యి దూరేంత సందు ఉంటోంది. అమ్మ అక్కడ దిండు పెడితేనే నిద్ర పడుతోంది. తొడ సన్నబడిపోయింది, బిగించమంటే బిగియట్లేదు. దాళ్వా కోతలకి చేలో దిగగలనా?

జవాబు (భీమవరం, 2022లో నాకూ ఇదే ఆపరేషన్)
తమ్ముడూ, ముందా దిండు తీసెయ్. నేను మూడు వారాలు అలాగే పడుకున్నాను, తర్వాత కాలు తిన్నగా రావడానికి రెండు నెలలు నరకం చూశాను. మడవడం మెల్లగా వస్తుంది, చాపడం మాత్రం ఇప్పుడే రావాలి. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టు, మోకాలు గాల్లో ఉండాలి. పది నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదుసార్లు. తొడ బిగిస్తే మోకాలిచిప్ప పైకి జరగాలి. నాది మొదట్లో కదిలేదే కాదు. మంచి కాలు బిగించి ఆ పట్టు ఎలా ఉందో గమనించి, వెంటనే ఈ కాలికి ప్రయత్నించేవాణ్ణి. మా ఆవిడ తొడ మీద వేలు పెట్టి "ఇక్కడ, ఇక్కడ" అనేది. అయిదో రోజుకి చిప్ప కదిలింది.

జవాబు (అమలాపురం, ఫిజియోథెరపిస్టుని)
పై మాట నిజం. మోకాల్లో వాపు ఉన్నంతకాలం తొడ కండరం మాట వినదు, మీ లోపం కాదది. ఐసు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. మినిస్కస్‌కి (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థికి) కూడా కుట్లు వేశారా? వేస్తే బరువు మోపడానికీ మడవడానికీ మీ సర్జన్ చెప్పిన హద్దే హద్దు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఊతకర్రలతో పాటు ఆపరేషన్ కాలు ముందు. గొంతుక్కూర్చోవద్దు, కమోడ్ కుర్చీ తెప్పించుకోండి. పిక్క నొప్పి, వాపు వచ్చినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

కోతల సంగతి. కొత్త లిగమెంటు 6 నుంచి 12 వారాల మధ్య బాగా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నొప్పి పోయి, నయమైపోయిందనిపిస్తుంది. దయచేసి బురదలో దిగకండి. కబడ్డీ 9 నెలల లోపు వద్దే వద్దు.

ప్రశ్న వేసిన నేనే
కాగితాలు చూశానండి, మినిస్కస్ కుట్లు లేవు. దిండు తీసేశాం. ఇందాక మడమ కింద తువ్వాలు పెట్టి ఆరు నిమిషాలు ఓర్చుకున్నాను. చిప్ప కొంచెం కదిలిందని అమ్మ అంటోంది.