వైడూర్యమా, వైఢూర్యమా?

సందేహం: మొన్న ఉంగరం కొంటే బిల్లులో 'వైఢూర్యం' అని ఒత్తు ఢతో రాశారు. మా నాన్నగారు చూసి "వైడూర్యం అనాలిరా" అన్నారు. ఏది సరి? అసలు ఈ మాట ఎక్కడిది?

జవాబు: మీ నాన్నగారిదే సరైన మాటండి. సంస్కృతంలో వైడూర్య, వైదూర్య అనే రెండు రూపాలున్నాయి. 'వజ్రవైఢూర్యాలు' అని గంభీరంగా పలకాలన్న సరదాలో ఆ ఒత్తు వచ్చి చేరిందని నా అనుమానం.

పాణిని 'విదూరాఞ్ఞ్యః' (4.3.84) అన్నాడు. విదూరంలో పుట్టింది కాబట్టి వైదూర్యం. పాణిని సూత్రాలమీద పతంజలి రాసిన వ్యాఖ్య మహాభాష్యంలో దీనిమీద పేచీ వచ్చింది: రాయి దొరికేది వాలవాయ పర్వతంలో, విదూరంలో సానపెడతారంతే, మరి అక్కడ పుట్టిందని ఎలా అంటారు? చెప్పిన సమాధానాల్లో ఒకటి నాకు భలే ఇష్టం. వర్తకులు వారణాసిని 'జిత్వరీ' అని పిలుచుకున్నట్టే, వ్యాకరణం వాళ్లు వాలవాయాన్ని విదూరం అంటారట!

పాళిలో ఇది వేళురియ. గ్రీకు వాళ్ల నోట బేరుల్లోస్ అయి, ఇంగ్లీషులో బెరిల్‌గా తేలింది. జర్మన్లో కళ్లజోడును బ్రిల్లె అంటారు, అదీ ఈ మాట మనవరాలే.

ఇంకొకరు: బెరిల్ అంటే మన పచ్చ జాతి కదండీ? వైడూర్యమేమో పిల్లికన్ను రాయి. రెండూ ఒకటెలా అవుతాయి?

జవాబు: కావు. పేరే రాయి మార్చి రాయి పట్టుకుంది. భైషజ్యగురు బుద్ధుడి పేరులోని వైడూర్యాన్ని లాపిస్ లాజులి అనే నీలిరాయిగా అనువదిస్తుంటారు. నవరత్నాల్లో కేతువుకు చెప్పే పిల్లికన్ను మాత్రం క్రైసోబెరిల్ అనే వేరే రాయి. బెరీలియం రెండింట్లోనూ ఉన్నా బెరిల్ సిలికేటు, ఇది ఆక్సైడు. కాఠిన్యం 8.5, కెంపు కంటే కాస్తే తక్కువ. లోపల సన్నటి సూదుల్లాంటివి ఒకే వరసలో ఉంటాయి, వాటికి అడ్డంగా వెలుగు గీత కడుతుంది. అందుకే దీన్ని పలకలు తీయకుండా గుండ్రంగా, ఉబ్బుగా సానపెడతారు. తేనె రంగు, నడిమధ్యన చెదరని గీత, పక్కనుంచి లైటు వేస్తే ఒక సగం తేనెలా, ఇంకో సగం పాలలా కనిపించడం: ధర పలికేది వీటికే. శ్రీలంక రాయికి పేరెక్కువ. మన విశాఖ, శ్రీకాకుళం వైపు కొండల్లోనూ దొరుకుతుంది.

క్వార్ట్జ్‌లోనూ పిల్లికన్ను ఉంటుంది, అది బాగా చౌక. దాని సాంద్రత 2.65, దీనిది 3.7 దాకా. ఒత్తు సంగతి సరే, మీ బిల్లులో 'క్రైసోబెరిల్' అని ఉందా?

సందేహం అడిగినవారు: 'వైఢూర్యం' తప్ప ఇంకో ముక్క లేదండి. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. రేపు రాళ్లు పరీక్షించే ల్యాబుకు తీసుకెళ్తాను. డ గెలిచిందని మాత్రం నాన్నగారికి చెప్పేశాను.