కర్నూలులో పైఅంతస్తు గదికి 5 స్టార్ ఏసీ ముందా, మిద్దెకు సున్నం ముందా?

బురుజుకాడ: 12×12 గది, నెత్తిన స్లాబే, పడమటి గోడకు ఎండ. బాడుగిల్లు. 3 స్టార్ తీసేసి 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ పెడితే మే బిల్లు తగ్గుతుందా?

హంద్రీగట్టు: ముందు మిద్దె చూడండి. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా సెగ దించుతానే ఉంటుంది. గది చల్లబడినాక కంప్రెసర్ నెమ్మదిస్తేనే ఇన్వర్టర్‌కు ఆదా. ఆ సెగలో అది నెమ్మదించదు. వైరు బ్రష్షుతో పాచి గీకి, పగుళ్లు పూడ్చి, స్లాబు తడిపి రెండు కోట్లు సున్నం కొట్టించండి. మొదటిది ఆరినాకే రెండోది. మార్చి మొదట్లోనే అయిపోవాల.

యూనిట్ల లెక్క: రెండు గట్టి వానలు పడితే ఆ సున్నం వెలిసిపోతుంది. ఏసీ స్టార్ లేబుల్ మీది యూనిట్లు ఏడాదికి 1600 గంటల లెక్క. మీ గంటలు అంతకు మించితే 5 స్టార్‌కు పెట్టింది తొందరగా తిరిగొస్తుంది. 24లో పెట్టండి, డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ (స్టార్ లేబుళ్లు చూసే కేంద్ర సంస్థ) మాట.

చిన్నోడు: 18లో పెడితే గది బిరీన చల్లబడదా అన్నా?

యూనిట్ల లెక్క: లేదు. గది 36 ఉన్నప్పుడు 18 అన్నా 24 అన్నా కంప్రెసర్ ఫుల్లుగానే తిరుగుతుంది. 18లో పెడితే గది 24 కిందికి దిగినాక కూడా నెమ్మదించదు, అదే నష్టం.

అనంతగాలి: ఏప్రిల్, మే పొడిగాలికి కూలర్ చాలు. 200 వాట్లు.

హంద్రీగట్టు: కిటికీ తెరిచి నడిపితేనే. ఏసీతో కలిపి మాత్రం వద్దు, కూలర్ ఆవిరి చేసిన ప్రతి లీటరునూ ఏసీ మళ్లీ నీళ్లు చేయాల. లెక్కలన్నీ తెలిసీ కొత్త మిషనే కొనమంటారేంది?

యూనిట్ల లెక్క: మీరు ఓనరు పక్క నుంచి మాట్లాడుతున్నారు! సున్నం పడేది ఓనరు స్లాబుకు, ఖర్చు బాడుగకున్నోనికి. ఏసీ అయితే ఇల్లు మారినా విప్పుకొని పోవచ్చు.

హంద్రీగట్టు: విప్పేటప్పుడు పంప్ డౌన్ చేసి గ్యాసంతా ఔట్‌డోర్‌లోకి లాగాల. కొత్తింట్లో పైపులు వాక్యూమ్ చేయాల, అంటే లోపలి గాలి, తేమ పంపుతో లాగేయాల. అది ఎగ్గొడితే పైపులో తేమ ఉండిపోయి కంప్రెసరే పోతుంది. ఇల్లు మారినప్పుడల్లా ఇది ఎవరు దగ్గరుండి చేయిస్తారు?

బురుజుకాడ: ఇద్దరూ నిదానం. నాకు మిద్దె తాళమే ఇయ్యరు.

యూనిట్ల లెక్క: అసలు సమస్య అదే. బిల్లు ఓనరు కట్టడు కాబట్టి సెగ ఆయనకు తగలదు.

హంద్రీగట్టు: ఆ మాట ఒప్పుకుంటా. అగ్రిమెంటులోనే రాయించుకోండి: ఏటా మార్చిలో సున్నం, రశీదు చూపితే బాడుగలో తగ్గింపు. ట్యాంకు దిమ్మె కాడ కారే నీళ్లు మాత్రం ముందు ఆపించండి, నిత్యం ఊరే తడి మీద ఎన్ని కోట్లు కొట్టినా పొరలు లేస్తాయి.