చిన్న ఈఎన్‌టీ గదిలో స్కోపీ చేశాక ఎంతసేపు ఆగాలి? మళ్లీ మహమ్మారి వస్తే పనికొచ్చేలా రాసుకుంటున్నాను

ప్రశ్న: పెరంబూరు, చెన్నై

అందరికీ నమస్కారం. నేను పెరంబూరులో సొంతంగా ఈఎన్‌టీ క్లినిక్ నడుపుతున్నాను. మాది నెల్లూరు జిల్లా. కొరుక్కుపేట, తండయార్‌పేట వైపు నుంచి వచ్చే రోగుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉండటంతో చదువు పూర్తికాగానే ఇక్కడే స్థిరపడ్డాను. కొవిడ్ వచ్చిన 2020లో నేను పీజీ విద్యార్థినిని. ఆ రోజుల్లో చెప్పింది చేయడమే మా పని. ఎందుకు చేస్తున్నామని అడిగే తీరిక ఎవరికీ లేదు. ఇప్పుడు చెప్పాల్సిన మనిషిని నేనే అయ్యాను కనుక, రేపు మరో శ్వాసకోశ వ్యాధి ఊరంతా పాకితే మా క్లినిక్‌లో ఏ పని ఎలా జరగాలో ముందే కాగితం మీద పెట్టుకోవాలని కూర్చున్నాను. మొదటి పేజీలోనే ఆగిపోయాను.

మా పరీక్ష గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. ఒక స్ప్లిట్ ఏసీ ఉంది. ఉన్న ఒక్క కిటికీని, మాకంటే ముందు అద్దెకున్నవారు ఏసీ చల్లదనం పోకూడదని ప్లైవుడ్‌తో మూసేశారు. రోజుకు 35 మంది దాకా వస్తారు. వారిలో ఆరేడుగురికి ముక్కు ఎండోస్కోపీయో, గొంతు స్కోపీయో (సన్నని గొట్టంలాంటి స్కోపును లోపలికి పంపి చూడటం) అవసరమవుతుంది. వంగే స్కోపు ఒక్కటే ఉంది. సహాయానికి ఒక అమ్మాయి, ఒక ఆయా ఉన్నారు.

స్కోపీ చేసేటప్పుడు రోగి దగ్గి, తుమ్మితే వచ్చే కణాలు గాలిలో మిగులుతాయి కనుక, ఆ తర్వాత గదిని ఎంతసేపు ఖాళీగా ఉంచాలన్న విషయంలో అప్పట్లో మా విభాగంలోనే ఒకరు గంట అనేవారు, మరొకరు అరగంట చాలనేవారు. కారణం ఇద్దరూ చెప్పలేదు. చెవి చూపించుకోవడానికి వచ్చినవారి విషయంలోనూ ఇంత జాగ్రత్త అవసరమా, ఒక్క స్కోపుతో ఆరుగురిని చూడటం ఎలా అన్నవి నా మిగతా సందేహాలు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

సమాధానం: సీనియర్ ఈఎన్‌టీ వైద్యుడు, కీల్పాక్, చెన్నై

అమ్మా, మీ గురువులిద్దరూ చెప్పింది సరైనదే అయి ఉండవచ్చు, ఎవరి గదికి వారిది. గదిలోని గాలి మొత్తం గంటకు ఎన్నిసార్లు మారుతుందన్న దాన్ని బట్టే ఆగాల్సిన సమయం ఉంటుంది. గంటకు 12 సార్లు మారే గదిలో, రోగి బయటికి వెళ్లాక, గాలిలో తేలే కణాల్లో 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. ఆరుసార్లు మారితే 46 నిమిషాలు. 99.9 శాతం పోవాలంటే ఇవే వరుసగా 35, 69 నిమిషాలవుతాయి. గాలి గదంతా బాగా కలుస్తున్నదని అనుకుని వేసిన లెక్క ఇది. బీరువా వెనకా మూలల్లోనూ గాలి నిలిచిపోయే గదుల్లో ఇంకా ఎక్కువే పడుతుంది.

ఇక మీ గది సంగతి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే పీల్చి, చల్లబరచి, మళ్లీ మన ముఖం మీదికే వదులుతుంది. కిటికీ మూసి ఉన్న గదిలో గాలి గంటకు ఒక్కసారి మారితే గొప్ప. ఆ లెక్కన 99 శాతానికి నాలుగున్నర గంటలకు పైగా కావాలి. అంటే గంట ఆగినా అరగంట ఆగినా మీ గదిలో పెద్ద తేడా ఉండదు. ముందు ఆ ప్లైవుడ్ తీయించండి.

మీ గది ఘనపరిమాణం 1200 ఘనపుటడుగులు. గంటకు 12 సార్లు మారాలంటే నిమిషానికి 240 ఘనపుటడుగుల గాలిని బయటికి నెట్టగల ఎగ్జాస్ట్ ఫ్యాన్ కావాలి. ఫ్యాన్ పెట్టె మీద గంటకు ఇన్ని ఘనపు మీటర్లని రాసి ఉంటే, సుమారు 410 అని చూసుకోండి. అయితే ఫ్యాన్ ఎంత పెద్దదైనా గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే బయటికి పంపేదేమీ ఉండదు. వెయిటింగ్ హాలు వైపు తలుపు కింద సందు ఉంచి, ఫ్యాన్‌ను రోగి కుర్చీ వెనక గోడకు పెడితే, గాలి ముందు మిమ్మల్ని దాటి తర్వాత రోగిని దాటి బయటికి పోతుంది, హాల్లో కూర్చున్నవారి వైపు వెళ్లదు. మే నెలలో ఇలా చేస్తే కరెంటు బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది, నిజమే. స్కోపీలు చేసే గంటలోనే ఫ్యాన్ వేసి, మిగతా సమయంలో ఏసీతో సరిపెట్టుకోవడం నేను చేసిన పని.

హెపా ఫిల్టరు (అతి సన్నని కణాలను పట్టే జల్లెడ) ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ కూడా ఉపయోగపడుతుంది. కానీ అట్ట మీద ఇన్ని చదరపు అడుగుల గదికని రాసినదాన్ని నమ్మకుండా, గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుద్ధమైన గాలిని ఇస్తుందో చూసి, పైన చెప్పిన అంకెతో పోల్చుకోవాలి.

గాలి మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2020లో మనమందరం కంటికి కనిపించే రక్షణ మీద, అంటే తెల్ల సూట్ల మీద, బూటు కవర్ల మీద డబ్బు ధారపోశాం. వైరస్ ఎక్కువగా ఉండేది ముక్కులో, ముక్కు వెనక భాగంలో. మనం ఆ ముక్కుకు జానెడు దూరంలో ముఖం పెట్టి, మందు చల్లి, తుమ్మించి, దగ్గించి చూసేవాళ్లం. పెద్ద తుంపర్లు మీటరు దూరంలో రాలిపోతాయి, మిగిలినవే గాలిలో తేలతాయంటూ ఐదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర గీసిన గీతను ప్రపంచ ఆరోగ్య సంస్థే 2024లో పక్కన పెట్టింది. మన నోటి నుంచి, ముక్కు నుంచి వచ్చేవి అన్ని పరిమాణాల్లోనూ ఉంటాయి.

వీటన్నిటికంటే ముందు, అక్కర లేని స్కోపీ మానేయడం ఉంది. 2020 మార్చి 25న మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాక, తల తిరుగుడు రోగుల తదుపరి పరిశీలన, రిపోర్టులు చూడటం వంటివి నేను ఫోన్‌కే మార్చాను. తప్పనిసరిగా చేయాల్సి వస్తే మొద్దుబార్చే మందైన లిగ్నోకెయిన్ 10 శాతం స్ప్రే కొట్టకండి. అది దగ్గు తెప్పిస్తుంది. 4 శాతం లిగ్నోకెయిన్‌లో, ముక్కు దిబ్బడ తగ్గించే జైలోమెటజొలిన్‌లో తడిపిన దూదిని ముక్కులో పది నిమిషాలు ఉంచితే పని ప్రశాంతంగా జరుగుతుంది. రోగి నోటికి మాస్కు ఉంచి, ముక్కు మాత్రమే తెరిపించండి. చూపు తెర మీద ఉండాలి. కంటిని ఐపీస్‌కు ఆనిస్తే మీ ముఖం మళ్లీ రోగి ముఖం దగ్గరికే చేరుతుంది.

సమాధానం: ఓటీ సిస్టర్, అణ్ణానగర్, చెన్నై

డాక్టర్ గారూ, పెద్దాయన గాలి గురించి చెప్పారు కనుక నేను స్కోపు గురించి, మనుషుల గురించి చెబుతాను. ఆపరేషన్ థియేటర్‌లో నాకు 22 ఏళ్ల అనుభవం ఉంది.

ఒక్క స్కోపుతో ఆరుగురిని చూడాలంటే ముందుగా ఆరుగురినీ ఒకే పూటకు, ఓపీ పూర్తయ్యాక రమ్మనండి. ఒక్కొక్కరి తర్వాత స్కోపు శుభ్రమయ్యే సమయమూ గది గాలి మారే సమయమూ ఒకేసారి గడుస్తాయి. స్కోపు బయటికి తీసిన వెంటనే, చీమిడి ఎండకముందే, ఎంజైమ్ ద్రావణంలో తడిపిన గాజ్ గుడ్డతో తుడవాలి. చాలా చోట్ల తప్పు జరిగేది ఇక్కడే: ఎండిపోయిన చీమిడి పొర కిందికి ఏ రసాయనమూ చేరదు. తర్వాత లీక్ టెస్టు (స్కోపు పైపొరలో చిల్లు ఉందేమో చూడటం), కడగడం, ఆ పైన క్రిములను చంపే 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు గానీ, అలాంటిదే అయిన ఓపీఏ ద్రావణంలో దాని సీసా మీద చెప్పిన సమయం, సాధారణంగా 12 నిమిషాలు గానీ ఉంచాలి. మళ్లీ బాగా కడిగి ఆరబెట్టాలి. ద్రావణం బలం తగ్గిందో లేదో స్ట్రిప్‌తో ప్రతిరోజూ చూడాలి. 14 రోజుల గడువు ఉంది కదా అని కూర్చుంటే, నీళ్లు కలిసి కలిసి అది ఐదో రోజుకే పలచబడి ఉండవచ్చు. గ్లూటరాల్డిహైడ్ ఆవిరి కళ్లను, ఊపిరితిత్తులను మండిస్తుంది కనుక ట్రేకి మూత ఉండాలి, దాన్ని మీ కొత్త ఫ్యాన్ దగ్గరే పెట్టించండి.

ఎన్95 మాస్కు ముఖానికి అతుక్కుని ఉంటేనే ఎన్95, లేకపోతే అది ఖరీదైన గుడ్డ. గడ్డం ఉంటే అతుక్కోదు. 2020 చివర్లో మా టెక్నీషియన్ ఒకరు అయ్యప్ప మాల వేసుకున్నారు. గడ్డం తీయమని అడగడం సబబు కాదు, ఆ మాస్కుతో ట్రాకియాస్టమీ (శ్వాసనాళానికి మెడలో రంధ్రం చేసే ఆపరేషన్) దగ్గర నిలబెట్టడమూ సబబు కాదు. ఆ 41 రోజులూ ఆయనను స్టోర్స్ పనికి మార్చాం. ఆయనా సంతోషించారు, మేమూ ఊపిరి పీల్చుకున్నాం.

రక్షణ కిట్టు (పీపీఈ) విప్పేటప్పుడు ఒంటికీ చేతులకూ వైరస్ అంటుకునే ప్రమాదం ఉంది. అలసిపోయి, చెమటతో తడిసి, ఎప్పుడు బయటపడదామా అని ఉంటాం. ముందు గ్లౌజులు, తర్వాత ఫేస్ షీల్డు, గౌను. గది బయటికి వచ్చాక చివరగా మాస్కు. ఒక్కొక్కటి తీసిన ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకోవాలి. గోడకు నిలువుటద్దం పెట్టించి, ఎదురుగా ఒకరు నిలబడి వరుస చదివి వినిపించేలా చూడండి. డాక్టర్లే ఎక్కువ తప్పులు చేస్తారని చెబితే ఏమీ అనుకోరుగా.

మీ ఆయాకు కూడా అదే మాస్కు, అదే శిక్షణ ఇవ్వండి. సక్షన్ సీసా పారబోసేది, నేల తుడిచేది, ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచి ముడి వేసేది ఆమే. సీసాలో ముందే హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) పోసి ఉంచితే పారబోసేటప్పుడు చిందినా భయం తక్కువ.

సమాధానం: చెవి శస్త్రచికిత్స నిపుణుడు, మారతహళ్లి, బెంగళూరు

చెవి గురించి అడిగారు కనుక రాస్తున్నాను. ఓటోస్కోపుతో చెవి చూడటానికి పూర్తి కిట్టు అవసరం లేదు. ఇద్దరికీ మాస్కులుంటే చాలు. కానీ చెవిలో గులిమి తీసేటప్పుడు కొందరికి ఉన్నట్టుండి దగ్గు వస్తుంది. గొంతుకూ వెళ్లే వేగస్ నాడి శాఖ ఒకటి చెవి మార్గంలోకి రావడమే దానికి కారణం. అందుకే చెవి రోగికైనా మాస్కు తీయించకండి. కర్ణభేరికి రంధ్రం ఉన్న చెవి, యూస్టేషియన్ నాళం ద్వారా ముక్కు వెనక భాగంతో కలిసే ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. చెవి వెనక ఉండే మాస్టాయిడ్ ఎముకను డ్రిల్ చేయడం పూర్తిగా వేరే సంగతి. కొవిడ్‌తో మరణించినవారి మధ్య చెవిలో, మాస్టాయిడ్‌లో వైరస్ ఆనవాళ్లు దొరికాయని 2020లోనే తేలింది. డ్రిల్ తిరుగుతున్నప్పుడు చిమ్మే నీటి తుంపర ఎక్కడి దాకా వెళుతుందో మైక్రోస్కోపు కటకం మీద చూస్తే తెలుస్తుంది. మేము మైక్రోస్కోపు నుంచి రోగి తల మీదికి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును గుడారంలా కప్పి చేసేవాళ్లం. చేయి కదలడం కష్టమే అయినా అలవాటైంది.

కీల్పాక్ డాక్టర్ గారి మాటలో ఒక్కదానితో మాత్రం నేను పూర్తిగా ఏకీభవించలేను. స్కోపీ తగ్గించాలనడం నిజమే, కానీ దానికి హద్దు కూడా మీ కాగితం మీద రాసి ఉండాలి. 2020లో గొంతు బొంగురుపోయిందని ఫోన్ చేసిన ఒక పెద్దాయనకు నేను మూడు నెలలు ఆమ్లం తగ్గించే మాత్రలు రాశాను. లాక్‌డౌన్, ఆయన వయసు, నా భయం, అన్నీ కలిశాయి. చివరికి స్కోపు పెట్టి చూసేసరికి స్వరపేటిక మీద గడ్డ ఒక పక్కను దాటి రెండో పక్కకు పాకి ఉంది. మూడు వారాలు దాటిన బొంగురు, ఊపిరి పీలుస్తుంటే వచ్చే ఈల శబ్దం, ఆగని ముక్కు రక్తం, మెడలో కొత్త గడ్డ ఉన్నవారిని ఏ మహమ్మారిలోనైనా క్లినిక్‌కు పిలిపించి చూడాల్సిందే.

2021 మే నెలలో మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) కేసులు వెల్లువెత్తినప్పుడు ఇదే పాఠం మళ్లీ ఎదురైంది. ఆ శిలీంధ్రం ఒకరి నుంచి మరొకరికి అంటదు. కానీ చక్కెర అదుపు తప్పి, స్టిరాయిడ్లు వాడి, బుగ్గ నొప్పితోనో ముక్కులో నల్లని పొరతోనో వచ్చిన మనిషిలో కొవిడ్ వైరస్ ఇంకా ఉండి ఉండవచ్చు. రేపటిదాకా ఆగలేం, జాగ్రత్త తగ్గించలేం. అటువంటి రోగిని పూట చివర కాకుండా వెంటనే చూసి, ఆ తర్వాత గదిని మూసేసేవాళ్లం.

ప్రశ్న అడిగినవారు: పెరంబూరు

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం వడ్రంగిని పిలిపించి ప్లైవుడ్ తీయించాను. స్కోపీలన్నీ సాయంత్రం ఐదు తర్వాతకు మార్చాను. బెంగళూరు డాక్టర్ గారు చెప్పిన నాలుగు లక్షణాలను పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ ఎత్తే అమ్మాయి బల్ల మీద అతికించాను. వాటిలో ఏది వినిపించినా నన్ను అడగకుండానే రమ్మని చెప్పే అధికారం ఆమెకిచ్చాను. ఒక్క చిక్కు మిగిలింది. కిటికీ అవతల మూడడుగుల సందు, దాని అవతల టిఫిన్ సెంటర్ వంటగది కిటికీ. ఫ్యాన్ అక్కడికి గాలి వదిలితే ఎలా?

సమాధానం: కీల్పాక్

అక్కడికి వదలకండి. ఫ్యాన్ నుంచి గొట్టం వేయించి, మేడ అంచు కంటే ఎత్తుగా, ఎవరి కిటికీకీ దగ్గర కాకుండా పైకి వదలండి. గొట్టం పొడవు పెరిగిన కొద్దీ, వంపులు ఎక్కువైన కొద్దీ ఫ్యాన్ నెట్టే గాలి తగ్గుతుంది కనుక గంటకు 410 ఘనపు మీటర్లకు బదులు 600 దాకా ఉన్నదాన్ని కొనండి. బిగించాక అగరుబత్తి వెలిగించి తలుపు కింది సందు దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి లాగేస్తుంటే గాలి సరైన దిక్కుకే పోతున్నట్టు. బయటికి వస్తుంటే ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలవండి, రెక్కలు తిరగబడి ఉంటాయి. మా గదిలో మొదటిసారి అదే జరిగింది.