కణ విభజన దశలు కలగాపులగమవుతున్నాయి, ఎలా చదవాలి?

ప్రశ్న:
విశ్వవిద్యాలయ ప్రవేశానికి ముందు చదివే జీవశాస్త్ర కోర్సులో చేరాను. చదువుతున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది కానీ, పుస్తకం మూసి సమవిభజనకూ (క్రోమోజోముల సంఖ్య మారని విభజన) క్షయకరణ విభజనకూ (ఆ సంఖ్య సగమయ్యే విభజన) తేడాలు రాయబోతే ఒక్కటీ వరుసగా రావడం లేదు. పరీక్షకు ఎలా సిద్ధం కావాలో అనుభవజ్ఞులు సూచించగలరు.

మొదటి జవాబు:
దశల పేర్లు వల్లె వేయడం మాని, మానవ కణంలోని 46 క్రోమోజోములు ఒక్కో దశలో ఏమవుతున్నాయో కాగితం మీద గీసుకుంటూ వెళ్లండి. విభజనకు ముందు వచ్చే ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపవుతుంది కానీ, సోదర క్రొమాటిడ్లు (ఒకే క్రోమోజోముకు చెందిన రెండు నకళ్లు) సెంట్రోమియర్ అనే బంధన స్థానం వద్ద కలిసే ఉంటాయి కనుక క్రోమోజోముల సంఖ్య 46గానే లెక్కకు వస్తుంది. క్షయకరణ మొదటి విభజనలో సమజాత క్రోమోజోములు (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జతలు) విడిపోయి సంఖ్య 23కు తగ్గుతుంది. క్రొమాటిడ్లు విడిపోయేది రెండో విభజనలోనే. మార్కులు పోయేది సాధారణంగా ఇక్కడే.

రెండో జవాబు:
ప్రశ్నలోని క్రియాపదాన్ని (వర్ణించండి, వివరించండి వంటివి) కూడా గమనించండి. ఉష్ణోగ్రతతో పాటు ఎంజైమ్ చర్య మారే రేఖాచిత్రం ఇచ్చి కారణం అడిగినప్పుడు, రేఖ పెరిగి తగ్గిందని రాస్తే అది వర్ణన మాత్రమే. అధిక ఉష్ణోగ్రత వద్ద ఎంజైమ్ క్రియాశీల స్థానం ఆకారం చెడిపోయి, అధస్థ పదార్థం (ఎంజైమ్ చర్య జరిపే పదార్థం) అందులో ఇమడలేకపోతుందని రాస్తేనే వివరణ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి క్రోమోజోములు ముక్కలు మార్చుకునే క్రాసింగ్ ఓవర్‌ను ఏ దశలో చూపించాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
క్షయకరణ మొదటి విభజనలోని ప్రథమదశలో, సమజాత క్రోమోజోములు జతకూడిన తర్వాత. గీసేటప్పుడు రెండు రంగులు వాడితే మార్పిడి జరిగిన ముక్కలు స్పష్టంగా కనిపిస్తాయి.