స్టెంట్ వేశాక ఇంత బాధ మామూలేనా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
అందరికీ నమస్కారం అండి. మా ఆయనకి కిడ్నీలోంచి జారిన రాయి మూత్రనాళంలో ఇరుక్కుంటే విజయవాడలో లేజర్‌తో పగలగొట్టి తీశారు, రాయి మొత్తం పోయింది అన్నారు, లోపల డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే సన్న గొట్టం) పెట్టి నెలలోపు వచ్చి తీయించుకోమన్నారు. ఇంటికొచ్చాకే అసలు బాధ మొదలైంది. ఊరికే బాత్రూమ్‌కి పరిగెత్తడం, వెళ్తే నాలుగు చుక్కలు, చివర్లో మంట, పోస్తున్నప్పుడు నడుం పక్కన పొడిచినట్టు నొప్పి. రాయి ఉన్నప్పుడే నయం అంటున్నారు. నిన్న బండి మీద అలా మార్కెట్‌కి వెళ్లొచ్చేసరికి యూరిన్ ఎర్రగా వచ్చింది. డ్యూటీ విజయవాడలో, రోజూ బస్సే, మంగళగిరి దాటేలోపే ఆపుకోలేకపోతున్నారు. ఆపరేషన్ సరిగ్గా జరగలేదేమోనని భయంగా ఉంది, ఎవరికైనా ఇలా అయ్యిందా?

జవాబు (పటమట):
కంగారు పడకండి మేడం, నాకూ అచ్చం ఇంతే. మెట్లెక్కినా, బండి గతుకుల్లో పడినా ఎరుపు వచ్చేది, పడుకుని నీళ్లు తాగితే తేటపడేది. కుదిరితే కొన్నాళ్లు సెలవు పెట్టించండి, ఈ ఎండల్లో బస్సు ప్రయాణం చాలా కష్టం. బయటికెళ్లాలని నీళ్లు మాత్రం మానెయ్యొద్దు, చిక్కబడితే మంట ఇంకా ఎక్కువవుతుంది.

జవాబు (యూరాలజీ వార్డులో నర్సుని):
ఆ స్టెంట్ రెండు కొసలూ చుట్టుకుని ఉంటాయమ్మా, పైది కిడ్నీలో, కిందది మూత్రాశయంలో. ఆ కింది చుట్ట లోపల రాసుకుంటూ ఉంటే నిండకపోయినా నిండినట్టే అనిపిస్తుంది. పోసేటప్పుడు మూత్రాశయం బిగిస్తే కొంత యూరిన్ స్టెంట్‌ గుండా వెనక్కి కిడ్నీకి ఎక్కుతుంది, ఆ నడుం నొప్పి దానిదే. ఆపరేషన్ తేడా కాదు. అలాగని ఓర్చుకుంటూ కూర్చోమనీ కాదు, డాక్టర్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి, చాలామంది సిగ్గుపడి చెప్పరు. టామ్సులోసిన్, దాంతోపాటు సోలిఫెనసిన్ గానీ మిరాబెగ్రాన్ గానీ రాస్తారు, బాగా ఉపశమనం ఉంటుంది. షాపులో అడిగి సొంతంగా వేసుకోవద్దు, టామ్సులోసిన్‌కి కొందరికి లేవగానే కళ్లు తిరుగుతాయి. చలితో జ్వరం 100.4 దాటినా, రక్తం గడ్డలుగా పడినా, యూరిన్ అసలు రాకపోయినా రాత్రైనా సరే ఆగకుండా తీసుకెళ్లండి.

జవాబు (తెనాలి):
తీయించే తేదీ మాత్రం క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి అక్కా. మా బాబాయికి నొప్పి తగ్గిందని అలాగే వదిలేశారు, నెలలు గడిచేసరికి స్టెంట్ చుట్టూ రాయి పేరుకుపోయింది, అది ఊడక మళ్లీ ఆపరేషన్ చేయాల్సొచ్చింది. డిశ్చార్జ్ కాగితంలో స్టెంట్ వేసినట్టు రాసుంటుంది, అది జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు:
ప్రాణం లేచొచ్చిందండి. ఇప్పుడే ఫోన్ చేశాం, మందులు రాశారు, సాయంత్రం తెచ్చుకుంటాం. తీసేటప్పుడు మళ్లీ మత్తు ఇస్తారా? దానికే భయపడుతున్నారు.

జవాబు (పటమట):
నాకైతే మత్తు ఇవ్వలేదు మేడం, మగవాళ్లకి కూడా ఎక్కువగా జెల్ పెట్టి సన్న కెమెరాతో లాగేస్తారు. అదోలా ఉంటుంది గానీ నిమిషాల్లో అయిపోతుంది. ఆ రోజు కాస్త మంట ఉంటుంది, నీళ్లు తాగించండి, డ్యూటీకి మర్నాడు కాకుండా ఒకరోజు ఆగి పంపండి.