కులం పేరుతో తిడుతుంటే పక్కింటివాళ్ళం కంప్లయింట్ ఇవ్వొచ్చా?

మూడో అంతస్తు: మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఎస్సీ కుటుంబం అద్దెకుంటోంది. మొదట పార్కింగ్ గొడవే అనుకున్నాం, తర్వాత మెట్ల మీద, లిఫ్ట్ దగ్గర అందరూ వింటుండగానే ఒకాయన కులం పేరు పెట్టి తిట్టడం మొదలుపెట్టాడు, ఇప్పుడు పనమ్మాయిని కూడా వాళ్ళింట్లో చేయొద్దని బెదిరిస్తున్నాడు. అసోసియేషన్ వాళ్ళేమో ఇరుగుపొరుగు తగాదా, సర్దుకోండి అంటున్నారు. ఇది కేసు అవుతుందా? మేం ఎస్సీలం కాదు, మేం చెబితే తీసుకుంటారా?

లాయర్ గారు: గొడవ పార్కింగ్‌తో మొదలైనా సరే, ఏమన్నాడు, ఎక్కడన్నాడు, ఎవరు విన్నారు అనేదే చూస్తారు. తిట్టినాయన ఎస్సీ, ఎస్టీ కాకపోతే, నలుగురి ఎదుట కులం పేరుతో దూషించడం 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళు లేనప్పుడు అన్న మాట ఆ నేరం కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే మెట్ల మీద విన్న మీ సాక్ష్యానికి అంత విలువ. పనమ్మాయి సంగతి కూడా వదలకండి, సామాజిక బహిష్కరణకు బెదిరించడమూ అందులో నేరమే.

రవ్వంత ధైర్యం: ఫిర్యాదు ఎవరైనా ఇవ్వొచ్చండీ. ముందు ఎంక్వైరీ చేసి చూస్తాం అని స్టేషన్‌లో అంటే ఒప్పుకోవద్దు, 2018 సవరణ తర్వాత ఈ చట్టం కింద ఎఫ్‌ఐఆర్‌కి ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చేయాలి. అయినా తీసుకోకపోతే ఎస్పీకి రాసి పోస్టులో పంపండి, 14566 హెల్ప్‌లైన్‌కీ చెప్పండి. ముఖ్యంగా, కాగితం మీద "అసభ్యంగా మాట్లాడాడు" అని మర్యాదగా రాసి ఊరుకోకండి. అతనన్న మాట ఎంత నీచంగా ఉన్నా అక్షరం మార్చకుండా రాయాలి, తేదీ, చోటు, విన్నవాళ్ళ పేర్లతో సహా. కేసులు నీరుగారిపోయేది చాలాసార్లు ఇక్కడే.

సుజాతక్క: అన్నీ సరే, ఆ ఇంటివాళ్ళని అడిగారా తమ్ముడూ? కేసయ్యాక రోజూ అతని ఎదురుగా మెట్లెక్కాల్సింది వాళ్ళు. బాధితులకీ సాక్షులకీ రక్షణ ఇవ్వాలని అదే చట్టంలో 15ఎ సెక్షన్ ఉంది, ఆ మాట ముందే చెప్పి, పక్కన మేమున్నామని చెప్పి, అప్పుడు అడుగు.

మూడో అంతస్తు: మాట్లాడాను అక్కా. ఆవిడే రాస్తానన్నారు, సాక్షులుగా మేమూ ఎదురింటి మాస్టారూ వెళ్తున్నాం. వాట్సాప్ గ్రూప్‌లో అతను పెట్టినవి డిలీట్ చేస్తున్నాడు, స్క్రీన్‌షాట్లు చాలా?

లాయర్ గారు: ఉన్నవి దాచండి, కానీ మెసేజ్ వచ్చిన ఫోన్ మార్చొద్దు, రీసెట్ చేయొద్దు. పోలీసులు అడిగితే ఆ ఫోనే చూపించాలి.