గొప్ప ఆల్బమ్ అంటే వినేవాళ్లని కష్టపెట్టి తీరాలా?

పాతక్యాసెట్:
మా ఆఫీసులో ఒక సీనియర్ ఉన్నారు. జాజ్, రాక్ తెగ వింటారు. మొదటిసారికే నచ్చేసిందంటే అందులో సరుకు లేనట్టే అని ఆయన లెక్క. ఆయన పోరు పడలేక కెప్టెన్ బీఫ్‌హార్ట్ రాక్ ఆల్బమ్ ‘ట్రౌట్ మాస్క్ రెప్లికా’ (1969) పెట్టాను. 28 ట్రాకులు. డ్రమ్స్‌ది ఒక దారి, గిటార్లది ఒక దారి, బీఫ్‌హార్ట్ అరుపులది ఇంకో దారి. మా ఆవిడ వచ్చి స్పీకర్ పోయిందా అని అడిగింది. అదే మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ (1959) అయితే వినగానే ఎక్కేసింది, గిన్నెలు కడుగుతూ కూడా వింటాను. ఇంతకీ నాది చవక టేస్టేనా?

గోదారిగట్టు:
రెహమాన్ పాటలకి మనవాళ్లు పెట్టిన పేరు గుర్తుందిగా, స్లో పాయిజన్. వినగా వినగా ఎక్కుతాయి. మీ సీనియర్ చెప్పేదీ అదే అయ్యుంటుంది. కాకపోతే ఆ మాట అడ్డం పెట్టుకుని, బాగాలేని పాటని కూడా ‘ఇంకోసారి విను’ అని ప్రాణం తీసే ఫ్యాన్స్ ఉన్నారు.

వయొలిన్ టీచర్:
కష్టం ఎవరికన్నది ముందు తేల్చుకోండి. వాయించేవాళ్లకా, వినేవాళ్లకా?

నేను పిల్లలకి పాఠం చెప్తాను కాబట్టి నాకు తెలిసిన లెక్క ఇది. ‘శంకరాభరణం’ పాటలు 1980లో ఆటో స్టాండ్‌లో కూడా మోగాయి. సంగీతం రానివాళ్లూ ‘శంకరా నాదశరీరాపరా’ ఎత్తుకునేవారు. అది మధ్యమావతి రాగం అని వాళ్లకి తెలియక్కర్లేదు. పాడాల్సి వస్తే తెలుస్తుంది సంగతి. బాలుగారు గురువు దగ్గర కూర్చుని కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారు కాదు. సంగీత దర్శకుడు మహదేవన్‌గారి సహాయకుడు పుహళేందిగారు దగ్గరుండి సాధన చేయించారు. ఆ సినిమాకే బాలుగారికి జాతీయ అవార్డు వచ్చింది. కష్టమంతా వాళ్లే పడి మన చేతికి పాట ఇచ్చారు.

మీ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ కూడా అంతే. అందులోని ‘సో వాట్’లో ఉన్నవి రెండే స్కేళ్లు (స్వరాల వరుసలు), ఒకదానికంటే ఇంకోటి అరస్వరం పైన. వినడానికి హాయి. వాయించేవాడికి మాత్రం దాక్కునే చోటు ఉండదు, పట్టుకుని పోవడానికి వెంటవెంటనే మారే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) లేవు. అందులో శాక్సఫోన్ వాయించిన జాన్ కోల్‌ట్రేన్ అదే ఏడాది ‘జయంట్ స్టెప్స్’ రికార్డ్ చేశాడు. అక్కడ కార్డ్స్ ఊపిరాడనంత వేగంగా మారిపోతుంటాయి. టామీ ఫ్లానగన్ అంతటి పియానిస్టు సోలోలో తడబడటం రికార్డులోనే వినిపిస్తుంది. ఒకే మనిషి, ఒకే ఏడాది, ఒకటి మెత్తన, ఒకటి గట్టి. ఏది చిన్నదంటారు?

హైదరాబాద్ బేస్:
మేడం చెప్పింది బాగుంది కానీ వినేవాడి కష్టం కూడా ఉత్తదేం కాదు. రేడియోహెడ్ అనే రాక్ బ్యాండ్ ఆల్బమ్ ‘ఓకే కంప్యూటర్’ పిచ్చిలో ఉన్న రోజుల్లో 2000లో వాళ్లే ‘కిడ్ ఎ’ వదిలారు. సింగిల్స్ (విడిగా వదిలే పాటలు) లేవు. గిటార్లు ఏవిరా అని మా హాస్టల్లో పెద్ద గొడవ. మొన్న మా తమ్ముడి కొడుక్కి వినిపిస్తే వాడికి అందులో వింతేమీ కనపడలేదు, ఎలక్ట్రానిక్ మ్యూజిక్ వింటూ పెరిగాడు మరి. మేం పడ్డ కష్టంలో సగం మేం ఎదురుచూసిన దానివల్ల వచ్చిందే.

పాతక్యాసెట్:
మరి బీఫ్‌హార్ట్ సంగతేంటి మేడం? అది ఎవరికి నచ్చినట్టు వాళ్లు వాయించేశారా?

వయొలిన్ టీచర్:
అస్సలు కాదు. ఆ కుర్రాళ్లు నెలల తరబడి ఒకే ఇంట్లో ఉండి, ఆ గందరగోళాన్ని స్వరం స్వరం నేర్చుకున్నారు. ఆ ఇంట్లో వాళ్లని పెట్టిన బాధల గురించి చదివాక నాకు ఆల్బమ్ మీద గౌరవం ఉన్నా ప్రేమ పుట్టలేదు. అన్నీ వినక్కర్లేదు, ‘మూన్‌లైట్ ఆన్ వెర్మాంట్’ ఒక్కటి వినండి. కాస్త బ్లూస్ దారిలో నడుస్తుంది. అదీ నచ్చకపోతే మీ సీనియర్‌కి ‘సో వాట్’ సోలో ఒకటి నోటితో పాడమనండి.